తల్లి కంటే ముందు పుట్టిన కూతుళ్లు

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ కాన్వాసు సంచి నా భుజం మీదే.
పొద్దున ఎనిమిదింటికి పాత ఊళ్లో ఫార్మసీ బడి మెట్లు దిగి
పదకొండో నంబరు బస్సెక్కి
గుట్ట మీది క్యాంపస్‌కి, రెక్టర్ ఆఫీసుకి.
మధ్యాహ్నం మళ్లీ కిందికి.
మార్కుల జాబితాలు, బల్లల బిల్లులు,
ఒకసారి గాజు సీసాలో బతికున్న జలగలు
(వాటికి టికెట్టు కొనలేదు).

సాంతా ఒతీలియాలో నన్ను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ.
"సంచి వచ్చిందా?" అంటారు.
అనాక్లేతు అనే మనిషి దాని వెనకాల వస్తుంటాడు.

పోయిన మంగళవారం
బ్రెజీలియా నుంచి కొత్త పట్టిక దిగింది.
మాతృసంస్థ పుట్టిన ఏడు: 1962.
అనుబంధ కళాశాల పుట్టిన ఏడు: 1909.
కంప్యూటర్ ఎర్రబడింది.
బిడ్డ తల్లి కంటే పెద్దది కాకూడదట.
గుమస్తా కుర్రాడు మూడుసార్లు కొట్టాడు,
మూడుసార్లూ అదే మాట.

రికార్డుల గది జుల్మీరా గారికి కోపం వస్తే
ముందు కళ్లజోడు తీస్తుంది.
తర్వాత చెదలు తిన్న ఖాతా పుస్తకం తీసింది.

"చూడు నాయనా,
కొవ్వొత్తుల కొట్టు మీది మేడ.
మందులు నూరేవాళ్లు ఐదుగురు, తక్కెడ ఒకటి, పిల్లలు పద్నాలుగు మంది.
కింద మైనం కరుగుతుంటే పైన రసాయనం పాఠం.
ఫీజు కట్టలేనివాడు పిండి బస్తా తెచ్చాడు, ఇదిగో రాసుంది,
బస్తాకి చిల్లుందని కూడా రాసుంది.
పళ్ల డాక్టర్ల బడి మంగలి షాపు వెనక.
కుర్చీ ఒకటే,
పొద్దున గడ్డాలు, సాయంత్రం దవడలు.
వ్యవసాయం బడికైతే గోడలే లేవు,
నలభై ఎకరాల బురద, ఒక మొండి ఎద్దు."

అప్పటికి తల్లి ఎక్కడుంది?

ఆలూ లేదు చూలూ లేదు,
ముద్ర మాత్రం చెక్కించారు:
దివిటీ పట్టుకున్న ఆడమనిషి, కింద లాటిన్ ముక్క.
సర్కారు కాగితం మీద మూడు బడులూ సంతకం చేశాయి.
ఫోటోలో ముగ్గురు డైరెక్టర్లూ మూడు దిక్కులు చూస్తున్నారు.
జీతం ఖాయమైంది, ఇంటిపేరు పోయింది;
రెండూ నిజమేనంటుంది జుల్మీరా గారు.
పళ్లబడి వాళ్లు పాత బోర్డు దించనన్నారు.
ఒక రాత్రి ఎవరో దించారు.
అది ఇప్పుడు తుడుపుకర్రల గదిలో, బోర్లా.

ఇక ఆ తల్లి,
గుట్ట మీద కాంక్రీటు ఎండేదాకా తొమ్మిదేళ్లు
మా మెట్ల కింది గదిలోనే తలదాచుకుంది.
టేబులు, టైపు మిషను, వానొస్తే బకెట్.
"అద్దె ఇచ్చిందా?" అడిగాను.
జుల్మీరా గారు పుస్తకం మూసింది.

సాయంత్రం బస్సులో లిందౌరా గుర్తొచ్చింది.
మా నాన్న రెండో పెళ్లి చేసుకొచ్చిన మనిషి,
నాకంటే రెండేళ్లు చిన్నది.
పేరు పెట్టి పిలిచేవాణ్ణి, అదీ అవసరమైతేనే.
నా సైకిలు తీసుకెళ్లి అమ్మేసింది,
ఆ డబ్బుతో నా టైఫాయిడ్‌కి మందు కొంది.
సైకిలు సంగతి పదకొండేళ్లు మరిచిపోలేదు.
పన్నెండో ఏట, చేపల బజారులో,
వెనక నుంచి "అమ్మా" అని పిలిస్తే
నలుగురు ఆడవాళ్లు తిరిగారు.
ఆమె తిరగలేదు, ఆ పిలుపు తనదని తెలియక.

పట్టికలో ఆ గడి ఖాళీగానే పంపారు.
ఖాళీని కంప్యూటర్ ఒప్పుకుంది.

రెక్టర్ ఆఫీసు కొత్త కార్యదర్శి
కాగితాలు ముక్కుకి దూరంగా పట్టుకుని అడుగుతుంది,
"వీటికి యూకలిప్టస్ వాసనేంటి?"
సంచిదండీ, అంటాను.
మందుల గదిలో మేకుకి తగిలిస్తాం రోజూ,
ఎంత ఉతికినా పోదు.